మోడల్ గుర్తుపడితే లెక్క వచ్చినట్టేనా?

పని–కాలం, వేగం–దూరం, సంభావ్యత, బీజగణితం. బడిపిల్లలు లెక్కల్లో తడబడే చోట్లలో ఇవి ముందు వరసలో ఉంటాయి. వీటిని దాటించడానికి ట్యూషన్ గదుల్లో, గైడ్లలో, పోటీ పరీక్షల మెటీరియల్‌లో చెప్పే ఉపాయం చెన్నైలోనైనా నెల్లూరులోనైనా హైదరాబాదులోనైనా ఒకటే. ప్రతి లెక్కా ఏదో ఒక మోడల్‌కు చెందుతుంది, ప్రతి మోడల్‌కూ ఒక ఫార్ములా ఉంటుంది, మోడల్ గుర్తుపట్టి అందులో అంకెలు వేస్తే ఆన్సర్ వస్తుంది. ఎందుకొచ్చిందన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఈ మాట అనేవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కారు. వాళ్ళ వాదంలో నాలుగు ముక్కలున్నాయి. పరీక్షలో ఒక్కో బిట్టుకు దొరికేది రెండు మూడు నిమిషాలు. మొదటి నుంచి ఆలోచించే తీరిక అక్కడ ఉండదు. సగటు విద్యార్థికి, అందులోనూ ఇంట్లో చెప్పే దిక్కులేని పిల్లకు, అర్థం చేసుకోమని చెప్పడం కంటే ఒక ఫార్ములా చేతికివ్వడం మేలు. ఎక్కాలు బట్టీపట్టిన తాతలు లెక్కల్లో గట్టివాళ్ళే అయ్యారు. అన్నిటికీ మించి, రామానుజన్ మెట్లు రాశాడా? జవాబులే కదా రాసింది? ఈ నాలుగింటిలో ఎక్కాల మాట ఒక్కటే పూర్తిగా నిజం. ఏడెనిమిదులు యాభయ్యారు అని తడుముకోకుండా చెప్పలేని పిల్ల ఏ పద్ధతిలోనూ ముందుకు సాగదు. కానీ ఎక్కానికి షరతులుండవు, ఎప్పుడు చదివినా అదే జవాబు. ఫార్ములాకు షరతులుంటాయి. తగువంతా అక్కడే.

1. షరతు దాచిన ఫార్ములా

ఒక కారు వెళ్ళేటప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, వచ్చేటప్పుడు 40 కిలోమీటర్ల వేగంతో నడిచింది. సగటు వేగం ఎంత? గైడు చెప్పేది: రెండు వేగాల లబ్ధాన్ని రెట్టింపు చేసి, వాటి మొత్తంతో భాగించు. 4800ను 100తో భాగిస్తే 48. జవాబు సరైనదే.

ఇప్పుడు లెక్కలో ఒక్క మాట మార్చాలి. కారు మొదటి గంటంతా 60తో, రెండో గంటంతా 40తో నడిచింది. అవే అంకెలు, అదే ప్రశ్న. ఫార్ములా మళ్ళీ 48 అంటుంది. అసలు జవాబు 50: రెండు గంటల్లో 100 కిలోమీటర్లు. మొదటి లెక్కలో దూరాలు సమానం, రెండో దాంట్లో కాలాలు సమానం. ఫార్ములా పుట్టింది మొదటి షరతు మీద, కంఠస్థం చేయించిన రోజున ఆ షరతు ఎవరూ చెప్పలేదు. దూరం 120 కిలోమీటర్లు అనుకుని చూసిన పిల్లకు వెళ్ళడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు, మొత్తం 240 కిలోమీటర్లకు 5 గంటలు అని తెలుస్తుంది. 48 ఎందుకు వచ్చిందో, ఎప్పుడు రాదో రెండూ తెలుస్తాయి. దీనికి ఆరో తరగతి భాగహారం చాలు.

పని–కాలం సంగతీ అంతే. ఒకరు 6 రోజుల్లో, మరొకరు 12 రోజుల్లో చేసే పనిని ఇద్దరూ కలిస్తే ఎన్ని రోజుల్లో చేస్తారు? లబ్ధాన్ని మొత్తంతో భాగిస్తే 72ను 18తో, అంటే 4 రోజులు. మొదటివాడు 2 రోజులయ్యాక మానేస్తే? ఫార్ములా అక్కడికక్కడే చతికిలబడుతుంది, గైడు ఇంకో మోడల్ తెరుస్తుంది. పనిని 12 భాగాలనుకుంటే ఇంకో మోడల్ అక్కర్లేదు. మొదటివాడు రోజుకు 2 భాగాలు, రెండోవాడు 1 భాగం. రెండు రోజుల్లో 6 భాగాలు అయ్యాయి, మిగిలిన 6 రెండోవాడు ఒక్కడే 6 రోజులు చేస్తాడు. మొత్తం 8 రోజులు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో రాసిన లీలావతిలో నాలుగు ధారలతో నిండే బావి లెక్క ఒకటుంది. ఒక ధార ఒక్కటే అయితే బావి ఒక రోజులో నిండుతుంది. రెండోది అరరోజులో, మూడోది రోజులో మూడో వంతులో, నాలుగోది ఆరో వంతులో నింపుతాయి. నాలుగూ ఒక్కసారి వదిలితే ఎంతసేపు? ఇద్దరి ఫార్ములాను నలుగురికి సాగదీస్తే కాగితం నిండిపోతుంది. రోజుకు ఎన్ని బావులు నిండుతాయని అడిగితే 1, 2, 3, 6; కలిపితే 12. కాబట్టి ఒక బావికి రోజులో పన్నెండో వంతు, అంటే 2 గంటలు. నోటిలెక్క. కాలాలను కూడకూడదు, రేట్లను కూడాలి. అధ్యాయం మొత్తంలో నేర్వాల్సింది ఇదొక్కటే.

2. తొట్టి లెక్కను వెక్కిరించడం

మోడల్ పద్ధతికి తోడబుట్టిన మాట ఇంకొకటుంది: ఈ లెక్కలు ఎటూ బతుకులో పనికిరావు, మార్కులు తెచ్చుకుని మర్చిపోవడమే. ఒక పక్క కుళాయి తిప్పి ఇంకో పక్క తూము తీసిపెట్టే వెర్రివాడెవడని పిల్లలు నవ్వుతారు, పెద్దలూ వంత పాడతారు. చెన్నైలో ఉంటూ ఈ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆ ఊరి తాగునీరు ఆసాంతం తొట్టి లెక్క.

చెంబరంబాక్కం చెరువు నిండు సామర్థ్యం 3,645 మిలియన్ ఘనపుటడుగులు. 2015 డిసెంబర్ మొదట్లో, అడయారు పొంగి నగరం మునిగిన రోజుల్లో, ఆ చెరువు నుంచి 29,000 క్యూసెక్కుల దాకా వదిలారు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు. 29,000తో గుణిస్తే రోజుకు సుమారు 2,506 మిలియన్ ఘనపుటడుగులు. పైనుంచి చుక్క రాకపోతే నిండు చెరువు దాదాపు 35 గంటల్లో ఖాళీ అవుతుంది. పైనుంచి 10,000 క్యూసెక్కులు వస్తున్నాయనుకుంటే నికరంగా పోయేది 19,000, అప్పుడు దాదాపు 53 గంటలు. వాన పెరిగే కొద్దీ లోపలికి వచ్చే నీరు గంట గంటకూ మారుతుంది, కాబట్టి అధికారులు చేయాల్సిన అసలు లెక్క ఇంకా కష్టం. బడి తొట్టి దాని మొదటి మెట్టు. ఇక్కడ ఏ మోడల్ నంబరు గుర్తుపడతారు? క్యూసెక్కును మిలియన్ ఘనపుటడుగుల్లోకి మార్చడం రానివాడికి ఏ ఫార్ములా ఇచ్చి ఏం లాభం?

తెలుగు గంగ ఇంకా మంచి ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర తలా 5 టీఎంసీల (టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు) కృష్ణా నీరు మద్రాసుకు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. దారిలో ఆవిరయ్యే 3 తీసేస్తే సరిహద్దు దగ్గర అందాల్సింది 12 టీఎంసీలు: జూలై నుంచి అక్టోబర్ లోపు 8, జనవరి నుంచి ఏప్రిల్ లోపు 4. ఫార్ములా మనిషి 12 టీఎంసీలను ఏడాదిలోని సెకన్లతో భాగించి, సగటు సుమారు 380 క్యూసెక్కులని గీత గీస్తాడు. భాగహారంలో తప్పు లేదు. కానీ 380 క్యూసెక్కులు పట్టే కాలువ తవ్వితే జూలై–అక్టోబర్ 123 రోజుల్లో అందులో పారేది 4 టీఎంసీలకు కాస్త పైన, అంటే రావాల్సిన దాంట్లో సగం. ఆ నెలల్లో 8 టీఎంసీలు రావాలంటే సగటున 753 క్యూసెక్కులు కావాలి. కారు లెక్కలో బోల్తా కొట్టించిన ‘సగటు దేని మీద?’ అన్న ప్రశ్నే ఇక్కడ కాలువ వెడల్పును నిర్ణయిస్తుంది.

3. సంభావ్యతలో ఫార్ములా అసలు లెక్క కాదు

సంభావ్యత అధ్యాయంలో పిల్లలకు ఇచ్చేది ఒక్క వాక్యం: అనుకూల ఫలితాలను మొత్తం ఫలితాలతో భాగించు. ఇంతకంటే తేలికైన ఫార్ములా బడి పుస్తకంలో ఇంకోటి లేదు, ఇంతకంటే ఎక్కువమందిని ముంచినదీ లేదు. భాగించడంలో కష్టమేముంది? ఏది ఒక ఫలితమో, అవన్నీ సమానంగా సంభవిస్తాయో లేదో తేల్చుకోవడంలోనే లెక్కంతా ఉంది.

నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత ఎంత? ఫ్రెంచి గణితవేత్త దలంబేర్ 1754లో విజ్ఞాన సర్వస్వానికి రాసిన వ్యాసంలో, మొదటిసారే బొమ్మ పడితే ఆట ముగుస్తుంది కాబట్టి ఫలితాలు మూడే అన్నాడు: బొమ్మ, బొరుసు తర్వాత బొమ్మ, రెండూ బొరుసులు. మూడింట రెండు అనుకూలం, కాబట్టి 2/3. ఫార్ములాను తు.చ. తప్పకుండా పాటించాడు, జవాబు మాత్రం తప్పింది. ఆ మూడూ సమానం కావు. మొదటిదానికి సగం అవకాశం, మిగతా రెండింటికీ చెరో పావు. సరైన జవాబు 3/4. ఆ కాలపు మేటి గణితవేత్తనే పడేసిన గుంత మీద బడి పుస్తకం ఒక వాక్యం పరిచి, దాని మీద నడవమంటోంది.

అంతకు వందేళ్ళ ముందు జూదం అలవాటున్న షెవాలియే ద మెరే ఇంకో గుంతలో పడ్డాడు. ఒక పాచికను 4 సార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడుతుందని పందెం కాయడం లాభమే. సంభావ్యత దాదాపు 51.8 శాతం. ఒక పాచికకు 6 ఫలితాలు, 4 సార్లు; రెండు పాచికలకు 36 ఫలితాలు, కాబట్టి 24 సార్లు వేస్తే జంట ఆర్లు పడాలి అని త్రైరాశికం వేశాడు. వచ్చేది 49.1 శాతం, అంటే పందెం నష్టం. పాస్కల్, ఫెర్మా 1654లో ఉత్తరాలు రాసుకున్న చిక్కుల్లో ఇదొకటి. త్రైరాశికం తప్పు కాదు. అనుపాతం లేనిచోట దాన్ని వాడటం తప్పు. అనుపాతం ఉందో లేదో ఏ మోడల్ చెబుతుంది?

దీనికి విరుగుడు బడి లెక్కల్లోనే ఉంది. సంచిలో 3 ఎర్రగోళీలు, 2 తెల్లగోళీలు. తిరిగి వేయకుండా రెండు తీస్తే కనీసం ఒకటి తెల్లది కావాలి. ‘కనీసం’ అన్న మాట చూడగానే ఎదుటి పక్క నుంచి రావాలి: రెండూ ఎర్రవయ్యే అవకాశం 3/5 ఇంటూ 2/4, అంటే 3/10. కాబట్టి కావలసింది 7/10. రెండో భిన్నంలో 3/5 ఎందుకు లేదని అడిగితే చెప్పగలిగిన పిల్లకు సంభావ్యత వచ్చినట్టు. చెన్నైలో పుట్టి, ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్‌కు 2007లో ఆబెల్ బహుమతి వచ్చింది సంభావ్యతలోనే, అత్యంత అరుదైన ఘటనలు ఎంత అరుదో కొలిచే సిద్ధాంతానికి. ఆ దారి మొదలు ఈ గోళీల సంచి దగ్గరే.

4. ‘ఆ పక్కకు పంపితే గుర్తు మారుతుంది’

బీజగణితంలో పక్షాంతరం నేర్పే తీరు మంత్రం చెప్పినట్టుంటుంది. అటు పంపితే కూడిక తీసివేత అవుతుంది, గుణకారం భాగహారం అవుతుంది. అంకె గోడ దూకి వేషం మార్చుకున్నట్టు! రెండు పక్షాలకూ ఒకే పని చేస్తున్నామన్న సంగతి మాయమైపోతుంది. ఎక్స్ వర్గం 5 ఎక్స్‌కు సమానం అంటే, ఇలా నేర్చిన పిల్ల ఎక్స్‌ను అటు పంపి 5 అని రాసి ఊరుకుంటుంది. సున్నా కూడా జవాబే. ఎక్స్‌తో భాగించేటప్పుడు అది సున్నా కాకూడదన్న షరతును మంత్రం మింగేసింది. ఎక్స్‌కు 6 కలిపి వర్గమూలం తీస్తే ఎక్సే వస్తుందన్న సమీకరణంలో ఇది తిరగబడుతుంది. రెండు పక్కలా వర్గం చేస్తే 3, మైనస్ 2 అని రెండు వస్తాయి; వెనక్కి వేసి చూస్తే మైనస్ 2 నిలవదు. ఒక చోట జవాబు పోయింది, ఇంకో చోట లేని జవాబు పుట్టింది.

సున్నాతో భాగహారం మీద ఇంకాస్త ఆగాలి. 9వ శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని ప్రెసిడెన్సీ కాలేజీ ఆచార్యుడు ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో పరిష్కరించగా 1912లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం అచ్చువేసింది. పావులూరి మల్లన తెలుగు చేసింది ఈ గ్రంథాన్నే. రుణసంఖ్యకు వర్గమూలం ఉండదని స్పష్టంగా చెప్పిన ఆ మహావీరుడే, ఏ సంఖ్యనైనా సున్నాతో భాగిస్తే అది మారకుండా ఉంటుందన్నాడు. వినడానికి బాగానే ఉంది: ఎవరికీ పంచకపోతే ఉన్నది ఉన్నట్టే కదా. భాగహారాన్ని గుణకారంతో సరిచూస్తే ఆ మాట నిలవదు. 5ను సున్నాతో భాగిస్తే 5 వస్తే, 5ను సున్నాతో గుణించినా 5 రావాలి. అంతటివాడి సూత్రాన్ని కూడా ఏడో తరగతి పిల్ల ఒక్క వరుసలో పరీక్షించగలదు. ఆ పిల్లకు పరీక్షించే అలవాటే లేకుండా చేయడం ఈ పద్ధతి చేసే అసలు నష్టం.

మల్లన మాటెత్తినప్పుడు ఒక పక్క సంగతి. ఆయన అనువాదం మక్కికి మక్కి కాదు. జైన ప్రస్తావనలు తీసి శైవ ప్రస్తావనలు పెట్టాడు, తనవైన లెక్కలూ చేర్చాడు. కథ మారినా లెక్క మారదని తెలిసినవాడే ఆ పని చేయగలడు. మోడల్ పట్టికలు చేసేవాళ్ళు సరిగ్గా దీనికి ఎదురు నడుస్తున్నారు: కథ మారితే లెక్కే మారిందని పిల్లల్ని నమ్మిస్తున్నారు.

5. టైం లేదన్న వాదం

షార్ట్‌కట్ వేగం ఇస్తుందన్నది నిజం, మోడల్ సరిగ్గా కుదిరినప్పుడు. కుదరనప్పుడు అది నిమిషాలు తినేస్తుంది, పైగా తప్పు జవాబును ధీమాగా చేతిలో పెడుతుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళు అమాయకులు కారు. కారు లెక్కకు ఇచ్చే నాలుగు ఆప్షన్లలో 48, 50 రెండూ ఉంటాయి.

ఇదే శిబిరం ఇంకో సలహా కూడా ఫార్ములాలాగే ఇస్తుంది: తెలియకపోతే బిట్టు ముట్టుకోవద్దు, నెగటివ్ మార్కులుంటాయి. జేఈఈ మెయిన్‌లో నాలుగు ఆప్షన్ల ప్రశ్నకు సరైతే 4, తప్పైతే మైనస్ 1. గుడ్డిగా పెడితే పావు వంతు అవకాశంతో 4 వస్తాయి, ముప్పావు వంతు అవకాశంతో 1 పోతుంది. సగటున పావు మార్కు లాభమే. రెండు ఆప్షన్లు తప్పని తేల్చగలిగితే సగటు లాభం ఒకటిన్నర మార్కులు. ఒకటి రెండు ప్రశ్నలకు అదృష్టం ఎటైనా తిరగొచ్చు, కానీ సలహాకు ఆధారంగా చూపే లెక్క మాత్రం దానికే అడ్డం తిరుగుతోంది. సంభావ్యతను పరీక్ష కోసం బట్టీపట్టించేవాళ్ళు ఆ పరీక్ష మీదే దాన్ని వాడి చూడలేదు.

6. సగటు పిల్ల పేరు చెప్పి

అర్థం తెలివైనవాళ్ళకు, ఫార్ములా మిగతావాళ్ళకు అన్న పంపకం దయలా కనిపిస్తుంది. దాని బరువెంతో చూస్తే అసలు రంగు బయటపడుతుంది. పని–కాలం ఒక్క అధ్యాయానికే గైడ్లు ఇచ్చే మోడళ్ళు: ఇద్దరు, ముగ్గురు, ఒకరు మధ్యలో మానేయడం, రోజు విడిచి రోజు, పురుషులు–స్త్రీలు–పిల్లలు, కూలి పంపకం, సామర్థ్యాల నిష్పత్తి, నింపే గొట్టం, ఖాళీ చేసే గొట్టం, చిల్లు. జ్ఞాపకశక్తి బాగా ఉన్నవాడు ఇన్నిటినీ మోస్తాడు, మరిచినా ఇంకో దారి వెతుక్కుంటాడు. ఇంట్లో అడిగే దిక్కులేని పిల్ల ఒకటి మరిచిపోతే ఇక తెల్లకాగితమే. రేటును కాలంతో గుణిస్తే పని అన్న ఒక్క ముక్క మోయడమే ఆ పిల్లకు తేలిక. బలహీనుల కోసమని చెప్పే పద్ధతి వాళ్ళ నెత్తినే పెద్ద మూట పెడుతోంది.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం లెక్కల బోధనను పరిశీలించిన బృందానికి అధ్యక్షుడు చెన్నై గణిత విజ్ఞాన సంస్థకు చెందిన ఆర్. రామానుజం. లెక్కలంటే భయం, ఓడిపోయామన్న భావన పిల్లల్లో పేరుకుపోవడాన్ని ఆ బృందం ప్రధాన సమస్యగా ఎత్తిచూపింది. పిల్లల ఆలోచనను గణితంగా మలచడమే లక్ష్యమని చెప్పింది. అర్థం తెలియని ఫార్ములాలు పెరిగే కొద్దీ భయం తగ్గుతుందనుకోవడానికి ఆధారమేదీ లేదు.

7. రామానుజన్‌ను సాక్ష్యానికి పిలవడం

చివరి ఆయుధం ఇదే. రామానుజన్‌ను మలిచింది కార్ రాసిన ఫార్ములాల సంకలనం. అందులో వేల సిద్ధాంతాలు దాదాపు ఉపపత్తులు లేకుండా ఉంటాయి. ఆయన నోటుపుస్తకాల్లోనూ ఫలితాలే. మరి ఫార్ములాలు చాలవా?

కార్ పుస్తకాన్ని ఆయన కంఠస్థం చేసి ఊరుకోలేదు. అందులోని ఫలితాలను ఒక్కొక్కటే సొంతంగా రాబట్టుకుంటూ పోయాడు. కాగితం కొనలేక పలక మీద మెట్లు వేసి, చెరిపేసి, ఫలితాన్ని మాత్రం పుస్తకంలో ఎక్కించాడు. మెట్లు లేవని కాదు, పలక మీద చెరిగిపోయాయి. 1911లో ఆయన భారత గణిత సంఘం పత్రికకు ఒక ప్రశ్న పంపాడు: 1కి, రెండు రెట్ల ఒక వర్గమూలాన్ని కలిపి, ఆ మొత్తానికి వర్గమూలం తీయాలి, ఆ లోపలి వర్గమూలంలో 1కి మూడు రెట్ల ఇంకో వర్గమూలం, దాని లోపల నాలుగు రెట్లది, ఇలా అంతం లేకుండా. విలువెంత? నెలలు గడిచినా పాఠకులెవరూ పరిష్కారం పంపలేదు, చివరికి ఆయనే చెప్పాడు. జవాబు 3.

దారి చూస్తే తొమ్మిదో తరగతి దాటదు. 3 అంటే 9 వర్గమూలం. 9 అంటే 1కి రెండు నాలుగులు కలిపితే వచ్చేది. ఆ 4 అంటే 16 వర్గమూలం; 16 అంటే 1కి మూడు ఐదులు కలిపితే వచ్చేది. ఆ 5 అంటే 25 వర్గమూలం. 25 అంటే 1కి నాలుగు ఆర్లు కలిపితే వచ్చేది. ఏ సంఖ్య వర్గమైనా దాని ముందు సంఖ్యనూ తర్వాతి సంఖ్యనూ గుణించి 1 కలిపినంత. ఈ సర్వసమీకరణం ప్రతి బడిపిల్లకూ కంఠతా వచ్చు, గైడు పట్టికలో మూడో నాలుగో వరుసలో ఉంటుంది కూడా. అది పట్టికలో ఉన్నంత మాత్రాన ఈ ప్రశ్న ఎవరికీ విడిపోలేదు.

మెట్లు అక్కర్లేదన్న మాట కూడా ఆ జీవితం ముందు నిలవదు. నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు నెలకు 25 రూపాయలిచ్చి ఆదుకున్నాక, మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో గుమస్తాగా చేరాక, 1913 జనవరిలో రామానుజన్ కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి ఉత్తరం రాశాడు. హార్డీ ఫలితాలకు అబ్బురపడుతూనే ఉపపత్తులు పంపమన్నాడు. ఆ ఫలితాల్లో చాలావరకు నిలబడ్డాయి. ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉంటాయో చెప్పే సూత్రం మాత్రం ఆయన అనుకున్నంత కచ్చితం కాదని తేలింది. ఎక్కడ తప్పిందో కనిపెట్టింది ఆ సూత్రం వెనుక మెట్లను వెతికినప్పుడే.